తొక్కకముందా, తొక్కిన తర్వాతా?

మా షెడ్డులో బ్రేకు ట్రయల్‌కి వాడిన పరికరం ఒక వెదురు చేట. నవ్వుకోండి, పర్వాలేదు. పనిలో చేరిన కొత్తలో నేనూ నవ్వుకున్నాను, లోలోపల. పైకి నవ్వితే మా యజమానురాలు దీనమ్మగారు ఊరుకునే మనిషి కాదు.

నా పేరు పెంచలయ్య. మాది నెల్లూరుకు పడమటి పక్క, వరి పండించే ఊరు. పొలం పని చేతకాక, మీసం మొలిచే వయసులో ముత్తుకూరు వచ్చి బ్రేకు షెడ్డులో చేరాను. మోకాళ్లు మొరాయించేదాకా అక్కడే ఉన్నాను. ఇంజన్ల జోలికి పోలేదు, పెయింటు ముట్టుకోలేదు. కార్లకు, జీపులకు బ్రేకులు చూడటం తప్ప ఇంకేమీ చేయలేదు. షెడ్డు ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందు భాగం పోయింది, వెనక మిగిలిన చోట టైర్ల షాపు వెలిసింది. ఆ దారిన బస్సులో పోతుంటే నేను అటు చూడను. చూస్తే రోజంతా మనసు అదోలా ఉంటుంది.

ఈ మధ్య ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లు కొందరు ఇంటికి వచ్చి, మీ అనుభవం చెప్పండి సార్ అన్నారు. మిషన్ల గురించి వాళ్లకు నాకంటే బాగా తెలుసు. ఫోన్లో అన్నీ చూసుకుంటారు. ఫోన్లో దొరకనివి నా దగ్గర కొన్ని ఉన్నాయి, అవే రాస్తున్నాను.

పెడల్ చెప్పే సంగతులు

బండి వచ్చీ రాగానే జాకీ ఎక్కించి చక్రం ఊడదీసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. చక్రం ఎక్కడికీ పోదు. డ్రైవరు పోతాడు, టీ తాగడానికో, ఫోన్ మాట్లాడటానికో. ఆయన గేటు దాటకముందే అడగాల్సినవన్నీ అడిగేయాలి. రోజూ ఆ పెడల్ తొక్కే కాలు ఆయనది. ఆ కాలికి తెలిసింది మనకు తెలియాలంటే ఆయన్ని మాట్లాడనివ్వాలి, మధ్యలో మన తెలివి చూపించకుండా.

పెడల్ మెత్తగా పోతోంది అంటారు. గబగబా రెండు మూడు సార్లు తొక్కి చూడండి. గట్టిపడిందంటే ఆయిల్ పైపుల్లో గాలి చేరి ఉంటుంది, లేదా చక్రాన్ని లోపల పట్టి ఆపే లైనింగ్ అరిగి, చక్రంతో తిరిగే డ్రమ్ముకు దూరమై ఉంటుంది. గట్టిగానే ఉండి, కాలు అలాగే నొక్కిపెడితే మెల్లమెల్లగా కిందికి దిగుతుంటే అది పెడల్ నుంచి ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ సంగతి. కీచుమని అరిస్తే కంగారు పడక్కర్లేదు, దుమ్ము కావచ్చు, ప్యాడు మాడి గట్టిపడి ఉండొచ్చు. గరగరమని ఇనుమును ఇనుము గీకే చప్పుడు వస్తే మాత్రం ఆ బండిని బయటికి పోనివ్వకండి, ఎవరి పెళ్లికి ఆలస్యమైనా సరే. ఇక బ్రేకు ఆయిల్ తగ్గిందని ఇంజన్ ఆయిల్ పోసేవాళ్లున్నారు చూశారూ, వాళ్లకు దండం పెట్టాలి. లోపలి రబ్బర్లన్నీ బూరెల్లా ఉబ్బి కూర్చుంటాయి, ఒక్కటి కూడా మిగలదు.

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు, బండి ఒక పక్కకి లాగుతోందని. దీనికి దీనమ్మగారు నేర్పిన ప్రశ్న ఒకటే. బ్రేకు తొక్కకముందే లాగుతోందా, తొక్కిన తర్వాత లాగుతోందా? తొక్కకముందే పోతుంటే బ్రేకు మీద చెయ్యి వేయకండి. టైర్లలో గాలి చూడండి, స్టీరింగ్ చూడండి, ఇంకేదైనా చూడండి. తొక్కిన తర్వాతే పోతుంటే అది మన పని. ఏ పక్కకి పోతోందో ఆ పక్క చక్రం గట్టిగా పట్టుకుంటోందన్న మాట, కాబట్టి తప్పు చాలాసార్లు రెండో పక్క ఉంటుంది. ఈ ఒక్క ప్రశ్న అడగకుండా బ్రేకులన్నీ విప్పి, రోజంతా నల్లబడి, చివరికి టైర్లో గాలి తక్కువని తేల్చినవాళ్లను నేను చూశాను. వాళ్ల పేర్లు చెప్పను, వాళ్లలో ఇద్దరు నాకు బంధువులు.

దీనమ్మగారి చేట

షెడ్డు పెట్టింది దీనమ్మగారి భర్త. ఆయన పోయాక అందరూ ఆమె అమ్మేసి పుట్టింటికి వెళ్లిపోతుందనుకున్నారు. ఆయన పెద్దదినం అయిన మర్నాడే ఆమె గేటు దగ్గర చెక్క కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆదివారం మాత్రం చర్చి, ఆ రోజు గవర్నరు బండి వచ్చినా గేటు తెరుచుకోదు. మిగతా రోజుల్లో మాకంటే ముందు వచ్చేది, మా తర్వాత పోయేది. స్పానర్ చేత్తో పట్టిందో లేదో నాకు తెలీదు, నేనైతే చూడలేదు.

ఆమె పెట్టిన పద్ధతి ఏమిటంటే, బ్రేకు పని చేసిన ప్రతి బండిలో ట్రయల్‌కి తను కూర్చోవాలి. ముందు కాదు, వెనక సీట్లో, ఒళ్లో చేట పెట్టుకుని. చేటలో బియ్యం. మధ్యాహ్నం వంటకి ఏరుకోవాల్సిన బియ్యం అవి. ఊరు దాటి కాలువ వంతెన దాకా రోడ్డు తిన్నగా ఉండేది. ఆ దారిలో రాళ్లు ఏరుకుంటూ, తల ఎత్తకుండానే ఉన్నట్టుండి "తొక్కు" అనేది. నేను తొక్కేవాణ్ని. బియ్యం తిన్నగా చేట అంచుకి జరిగితే సరే. ఒక మూలకి జరిగితే మాత్రం తిరుగు ప్రయాణంలో నాకు పాఠం.

"కుడి ముందర చక్రం చూడు పెంచలా. గింజలన్నీ కుడిమూలకి పోయినాయి, బండి ఎడమకి తిరిగింది."

"రోడ్డు వంపుందేమో అక్కా."

"రోడ్డుకి నాకు చిన్నప్పటి నించీ పరిచయం. వంపు నీ పనిలో ఉండాది."

చేట కంటే పెద్ద సంగతి, మేం బిగించిన బ్రేకు మీద మా యజమానురాలు కూర్చునేది. ఆ సంగతి తెలిసినవాడు నట్టు ఒకసారి బిగించి ఊరుకోడు. ఒకసారి పోర్టు పనులు చేసే కాంట్రాక్టరు ఒకాయన హడావుడిగా వచ్చి, ట్రయల్ అక్కర్లేదమ్మా, మీటింగ్ ఉండాది, నేను చూసుకుంటా పోతాలే అన్నాడు.

"నువ్వు పోతావులే నాయనా. ఆగేది ఎట్టాగో నాకు తెలియాల గదా. గమ్మున కూర్చో," అంది దీనమ్మగారు, చేట తీసుకుని కారెక్కుతూ. ఆయన తన కారులోనే పక్క సీట్లో చేతులు కట్టుకుని కూర్చుని వంతెన దాకా వచ్చాడు. ఆ తర్వాత ఏ బండి కొన్నా మా దగ్గరకే తెచ్చేవాడు.

ఆమెలో అన్నీ గొప్పవే అంటే అబద్ధం. మొండిది. డిస్కు బ్రేకులు వచ్చినప్పుడు, ఇదేందిది పళ్లెం లాగుండాది, ఇది బండినేం ఆపుద్ది అని చాలా కాలం ముఖం చిట్లించింది. డ్రమ్ములు చెక్కే మిషన్ కొనమని మొత్తుకున్నా కొనలేదు, ఆ పనికి నెల్లూరు పంపించేది, రానూపోనూ పగలంతా పోయేది. అందులో ఆమెది తప్పేనని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ అంటాను. అయినా ఆమె దగ్గర పని చేసినన్నాళ్లు నాకు ఇంకో షెడ్డుకి పోవాలనిపించలేదు. ఇప్పటికీ కారెక్కి వెనక సీటు ఖాళీగా చూస్తే ఏదో మరిచిపోయి బయలుదేరినట్టుంటుంది.

ఉప్పుగాలి

లోపలి ఊళ్లలో పని నేర్చుకుని మన సముద్రం పక్కకి వచ్చే మెకానిక్కులకు ఒక మాట. ఇక్కడ బండికి మొదటి శత్రువు డ్రైవరు కాదు, గాలి. రొయ్యల గుంటల పక్కన ఆపిన కారు రెండు పూటలు కదలకపోతే చాలు, డ్రమ్ము లోపల ఎర్రగా తుప్పు పూస్తుంది. శనివారం సాయంత్రం కారు శుభ్రంగా కడిగి, తడి ఆరకుండా హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి పెడతారు. ఆదివారం ఉదయం చర్చికి బట్టలు కట్టుకుని అందరూ ఎక్కాక బండి కదలదు. లైనింగ్ డ్రమ్మును కరుచుకుని ఉంటుంది. తోయడానికి పది మంది, సలహా ఇవ్వడానికి ఇరవై మంది చేరతారు.

అందుకే ఈ పక్క పాత డ్రైవర్లు హ్యాండ్ బ్రేకు వేయరు. గేరులో పెట్టి చక్రం కింద రాయి పెడతారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ రాయిని చూసి ఈ బండికి బ్రేకుల్లేవేమో అనుకుంటారు. ఆ అలవాటు వెనక ఎన్ని ఆదివారాల అవస్థ ఉందో వాళ్లకు తెలియదు. కస్టమరు చేసే వింత పని ఏది కనిపించినా, దానికో కారణం ఉంటుందని ముందు అనుకోండి. ఈ మాట నాకు బాగా తెలిసొచ్చింది పోలయ్య బండితో.

పోలయ్య బండి

కృష్ణపట్నం దాటాక సముద్రం ఒడ్డున ఒక జాలర్ల పల్లె. పోలయ్య అక్కడివాడు, నాకంటే పెద్దవాడు. వేటలో పడవ బోల్తాపడి నడుం దెబ్బతిన్నాక, పడవ కొడుక్కిచ్చి ఒక పాత తెల్ల అంబాసిడర్ కొన్నాడు. ఆ పల్లెలో అప్పటికి అదొక్కటే కారు. పగలు చేపల తట్టలు, అవసరమైతే మనుషులు. నొప్పులు మొదలైన ఆడవాళ్లను నెల్లూరు ఆస్పత్రికి చేర్చింది ఆ కారే. పల్లెలో చాలామంది పిలకాయలు పుట్టకముందే ఆ కారెక్కారని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు.

ఒకరోజు ఆయన, ఆయన కోడలు సుజాత మా షెడ్డుకి వచ్చారు. వచ్చింది బ్రేకులు బాగుచేయించడానికి కాదు.

"బ్రేకులు ఒకసారి చూసి, బాగుండాయని చెప్పు మేస్త్రీ. బండి అమ్మేస్తా. కొనేవాడు మీ షెడ్డులో చూపించమన్నాడు," అన్నాడు పోలయ్య నేలచూపులు చూస్తూ.

ఎందుకు అమ్ముతున్నావని అడిగితే రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు. "ఇవి పోయినాయి. బ్రేకు తొక్కితే బండి ఎడమకి పోతా ఉండాది. నిలపలేకపోతా ఉండా. మొన్న గుడిసె పక్క ఆడుకునే పిలకాయల మీదికి పోబోయింది. దేవుడి దయ, ఆగింది. ఇంక నా వల్ల కాదు."

సుజాత ఊరుకోలేదు. "చేతులు బాగానే ఉండాయి మామా. నిన్న కూడా ఒడ్డున వల లాగినావు." దీనమ్మగారి వైపు తిరిగింది. "అక్కా, బండిలోనే ఏదో ఉండాది. రెండు చోట్ల చూపించినాము, లైనింగులు మార్చినారు, కొన్నాళ్లు బాగుంటాది, మళ్లా అంతే. ఇప్పుడు మా ఊళ్లో అందరూ మామకు వయసైపోయిందంటా ఉండారు. ఈయన కూడా నమ్మేసినాడు."

అప్పుడు నాకు అర్థమైంది, ఆయన తెచ్చింది కారును కాదు, తన చేతులను. కారుకి రిపేరు అడగడానికి కూడా ఆయనకు ధైర్యం మిగల్లేదు. చేతులు పోయాయని తేలితే ఆ మనిషి ఒడ్డున కూర్చుని ఇతరుల పడవలు చూసుకోవాల్సిందే. ఒకసారి సముద్రం పోయింది ఆయనకు, ఇప్పుడు రోడ్డు కూడా పోబోతోంది. ఆ చాపిన చేతులు చూస్తుంటే నాకు చాలా బాధేసింది.

దీనమ్మగారు చేట తీసుకుని సుజాతతో పాటు వెనక సీట్లో కూర్చుంది. ముందు పోలయ్యనే నడపమంది. కాలువ వంతెన దగ్గర "తొక్కు" అంది. కారు ఎడమకి తిరిగింది, గింజలు కుడిమూలకి పోయాయి. పోలయ్య తల వంచుకున్నాడు. తిరుగు దారిలో నన్ను నడపమంది. నేను తొక్కాను. కారు అంతే ఎడమకి తిరిగింది, గింజలు అంతే కుడిమూలకి పోయాయి.

"పోలయ్యా, తల పైకెత్తు. పెంచలయ్యకు నడుం నొప్పి లేదు, వయసు లేదు. వాడు తోలినా ఎడమకే పోయింది. నీ చేతులు బాగుండాయి," అంది దీనమ్మగారు.

పోలయ్య వెనక్కి తిరిగి సుజాత ముఖం చూశాడు. ఆ పిల్ల కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

షెడ్డుకి వచ్చి కుడి ముందు చక్రం విప్పాను. డ్రమ్ము లోపల లైనింగ్ మీద జిగురులాంటి పొర. వేడికి మాడి, చేపల వాసన కొడుతోంది. ఆ వాసన కారంతా ఉంది. చేపల తట్టలు మోసే కారు కదా, వాసన రాక ఏమొస్తుందని నేనూ అనుకున్నాను, మాకు ముందు చూసినవాళ్లూ అనుకుని ఉంటారు. తట్టలు డిక్కీలో ఉంటాయి. చేపల నీళ్లు ముందు చక్రం లోపలికి ఎలా వస్తాయి? పైగా ఎడమ చక్రం విప్పితే లోపల పొడిగా, శుభ్రంగా ఉంది.

దీనమ్మగారు కుర్చీ దగ్గరికి లాక్కుని పోలయ్యను అడగడం మొదలుపెట్టింది.

"ఈసారి ఎప్పుడు మొదలైంది?"

"అమావాస్య దాటినాక."

"అంతకు ముందు?"

"అప్పుడు కూడా అమావాస్య దాటినాకే అక్కా. అందుకే మా ముసలోళ్లు గాలి సోకిందంటా ఉండారు."

"గాలి లేదు, దయ్యం లేదు. అమావాస్య నాడు నువ్వేం చేస్తావు?"

"ఆ రోజు మా పల్లెలో వేటకు పోరు. పడవలు ఒడ్డుకి లాగి సొరచేప నూనె పూస్తారు, చెక్క ఉప్పుకి పాడు గాకుండా."

"నీకు పడవ లేదు గదా ఇప్పుడు."

పోలయ్య కొంచెం సిగ్గుపడ్డాడు. "చెయ్యి ఊరుకోదక్కా. అందరూ పడవలకు పూస్తా ఉంటే నేను బండి కిందకి దూరి దానికి పూస్తా. నున్నగా, చుక్క చోటు వదలకుండా."

షెడ్డంతా నవ్వులు. నేను మాత్రం కారు కిందకి దూరాను. అంత పాత బండి, సముద్రం ఒడ్డున నిలిచే బండి, కింద ఒక్క తుప్పు మచ్చ లేదు. అలాంటి బండిని నేను మళ్లీ చూడలేదు. ఇంటి దగ్గర ఎడమ పక్క తాటాకు దడి ఆనుకుని కారు ఆపుతాడట. దూరడానికి చోటు కుడి పక్కే. అందుకే ఆ పక్క ధారాళంగా పూశాడు. ఎక్కువైన నూనె కారి, చక్రం వెనక రేకు సందులోంచి డ్రమ్ములోకి దిగింది. లైనింగులు మార్చినవాళ్ల పని మంచిదే. మళ్లీ అమావాస్య వచ్చేదాకే అది మంచిగా ఉంది.

గోతాలు

నేను వెంటనే, ఆ నూనె మానెయ్ పోలయ్యన్నా అన్నాను. దీనమ్మగారు నన్ను పక్కకి పిలిచి చీవాట్లు పెట్టింది. "నువ్వు చక్రం చూసినావు, బండి అడుగు చూసినావు, ఆయన ముఖం చూడలేదు. పడవ పోయినోడికి ఆ అమావాస్య నూనె ఒకటే మిగిలింది. అది మానిపించడానికి నువ్వెవరు? నూనె చక్రంలోకి పోకుండా చూడు, అంతే నీ పని."

ఆలోచించి చూస్తే ఆమె చెప్పిందే సబబు. నూనె పూసే ముందు చక్రాలకు లోపలి వైపు నుంచి గోతం చుట్టి తాడుతో కట్టడం నేర్పాను. నూనె ఆరేదాకా విప్పకూడదని చెప్పాను. జాలరివాడికి ముడి వేయడం నేను చెప్పాలా, నేను కట్టిన తాడు విప్పేసి తన పద్ధతిలో కట్టి చూపించాడు. లాగితే ఊడి వస్తుంది, లాగకపోతే తుఫానుకి కూడా కదలదు.

కారు అమ్మలేదు. ఆ రోజు తిరిగి వెళ్తూ గేటు దగ్గర స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి ఒకసారి చూసుకున్నాడు పోలయ్య. నా వృత్తిలో నాకు దక్కిన సంతోషాల్లో అది పెద్దది. మనం ఆగేలా చేసేది బండిని. దానితో పాటు అప్పుడప్పుడు ఒక మనిషి ఆగిపోకుండా చేస్తాం. మీకూ అలాంటి రోజు ఒకటి రావాలని కోరుకుంటున్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన మా షెడ్డుకే వచ్చాడు. దీనమ్మగారికి ఎండు చేపలు తెచ్చేవాడు, ఉప్పు ఎక్కువైందని ఆమె ప్రతిసారీ సణుగుతూ తీసుకునేది. పోర్టు పెరిగింది, కరెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి, ఖాళీగా ఉండే మా ట్రయల్ రోడ్డు నిండా లారీలే. దీనమ్మగారు పోయాక ఆమె పిల్లలు షెడ్డు నా చేతిలో పెట్టారు. చేట గోడకి తగిలించాను. కిందికి దించడానికి మనసొప్పలేదు.

మళ్లీ అదే ఫిర్యాదు

నేను పని మానేయడానికి కొంచెం ముందు, ఒక ఉదయం ఆ తెల్ల అంబాసిడర్ గేట్లోకి వచ్చింది. పోలయ్య జుట్టు కారు రంగుకి తిరిగిపోయింది. పక్కన సుజాత. ఆమె ఈ మధ్యలో డ్రైవింగ్ నేర్చుకుంది, కానీ మామ ఉండగా ఆ కారు స్టీరింగ్ ముట్టేది కాదు.

"మళ్లా ఎడమకి పోతా ఉండాది మేస్త్రీ," అన్నాడు పోలయ్య హుషారుగానే. "మొన్న అమావాస్యకు నా మనవళ్లు కట్టినారు గోతాలు. సరిగ్గా కట్టి ఉండరు. నూనె దిగుంటాది."

"నూనేలే సార్. చూడండి," అంది సుజాత. ఆమె గొంతులో హుషారు లేదు. మొదటిసారి బండిలోనే ఏదో ఉందని వాదించిన మనిషి, ఈసారి ఆ మాటే నన్ను బతిమాలుతున్నట్టు అంది.

ప్రశ్నలు అడగకుండా జాకీ పెట్టేవాళ్లంటే మంట అని రాశాను కదా. ఆ రోజు నేను అదే పని చేశాను. తొక్కకముందా తొక్కిన తర్వాతా అని అడగలేదు. నూనె కనిపిస్తే చాలని తొందరగా చక్రం విప్పాను. డ్రమ్ము పొడిగా ఉంది. ముక్కు దగ్గరగా పెట్టి చూశాను. రెండో చక్రం కూడా విప్పాను. వాసన కోసం అంతగా వెతికింది నా జీవితంలో అప్పుడే. గోతాలు మనవళ్లు బాగానే కట్టారు.

చక్రాలు బిగించి, సుజాతను షెడ్డులో కూర్చోమని, పోలయ్యతో బయలుదేరాను. ఆయన స్టీరింగ్ దగ్గర, నేను ఎడమ సీట్లో. వెనక సీట్లో చేట లేదు. దాని అవసరం కూడా పడలేదు. వంతెన దగ్గర "తొక్కన్నా" అన్నాను.

ఆయన కుడికాలు పెడల్ మీదికి తేవడానికి ఒళ్లంతా ఎడమకి వంచాడు. కుడిచెయ్యి స్టీరింగ్ మీద ఉందే గానీ, అందులో పట్టు లేదు. ఒంటి బరువంతా ఎడమచేతి మీద పడి స్టీరింగ్ తిరిగింది. కారు ఎడమకి పోయింది. కాలు అప్పటికింకా పెడల్ మీద పడలేదు.

తొక్కకముందే.

కారు ఆగాక నన్ను నడపమన్నాడు. తనే దిగి, కారు పట్టుకుంటూ చుట్టూ తిరిగి వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నాడు. నేను కొంచెం దూరం నడిపి బ్రేకు తొక్కాను. దారం పట్టినట్టు తిన్నగా ఆగింది. ఇంకోసారి తొక్కాను. అంతే. మూడోసారి ఎందుకు తొక్కానో నాకే తెలియదు. కారును రోడ్డు వారకి తీసి ఆపాను. లారీలు పోతున్నాయి. 

"వాసనొచ్చిందా మేస్త్రీ?"

"లేదు పోలయ్యన్నా."

"దడి పక్క చక్రం కూడా చూసినావా?"

"చూసినా. రెండూ ఎండిపోయి ఉండాయి."

ఆయన తన కుడిచెయ్యి ఎడమచేత్తో తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "చలికాలంలో ఒకరోజు లేచేసరికి ఈ పక్క తిమ్మిరి పట్టింది. తగ్గిందిలే అనుకున్నా. ఇంట్లో చెప్పలా." కాసేపు సముద్రం పక్కకి చూశాడు. "అప్పుడు మీరు నా చేతులు బాగుండాయన్నారు. ఆ మాట నమ్మి ఇన్నేండ్లు తోలినా. ఇప్పుడు నువ్వేం చెప్పినా నమ్ముతా. చెప్పు."

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. స్టీరింగ్ కొంచెం సరిచేస్తాలే, పది రోజులు ఆగి రా అంటే చాలు, ఆయన సంతోషంగా ఇంటికి పోతాడు. పల్లెలో గుడిసెల మధ్య ఆడుకునే పిల్లలు గుర్తొచ్చారు. దీనమ్మగారు వెనక కూర్చుని ఉంటే ఏమనేదో కూడా నాకు తెలుసు.

"బండి బాగుంది అన్నా," అన్నాను. స్టీరింగ్ మీంచి చేతులు తీసి మళ్లీ అన్నాను. "బండిలో ఏ తప్పూ లేదు."

ఆయన తల ఊపాడు. కోప్పడలేదు, ఏడవలేదు. "సరేలే. పోదాం పా. సుజాతను తోలమంటా. దానికి గోతాల ముడి మాత్రం నేనే నేర్పాల," అన్నాడు.

కారు తిప్పి షెడ్డు దారి పట్టించాను. పొద్దున పూట ఆ రోడ్డు మీద రద్దీ ఎక్కువ. లారీకి ఒకసారి, గేదెలకు ఒకసారి, స్కూలు పిల్లలకు ఒకసారి బ్రేకు వేయాల్సి వచ్చింది. నేను తొక్కిన ప్రతిసారీ, నా పక్కన, పెడల్ లేని చోట, ఆయన కుడికాలు కూడా నేలను నొక్కుతోంది. కష్టంగా, ఒళ్లంతా వంచి, సరిగ్గా నా కాలితో పాటు. నేను చూడనట్టే రోడ్డు మీద చూపు పెట్టి నడిపాను.